సాదుకునుడు, దత్తత: నడుమ ఉన్న ఫైలు

(నల్లగొండలో అంగన్‌వాడీ టీచర్లు, ఆశాలు, కొత్తగా చేరిన కేస్ వర్కర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మన ఊళ్లలో 'దత్తత తీసుకున్నరు' అని ఎవరూ అనరు, 'సాదుకున్నరు' అంటరు. మంచి మాటే. కానీ సాదుకున్న పిల్లను బడిలో చేర్పించే రోజు వస్తుంది. తండ్రి పేరు దగ్గర హెడ్మాస్టర్ పెన్ను ఆగుతుంది. ఆధార్ దగ్గర, కులం సర్టిఫికెట్ దగ్గర, ఆఖరికి భూమి పంచుకునే నాడు అన్నదమ్ముల పంచాయితీ దగ్గర మళ్లీ అదే ప్రశ్న లేస్తుంది. ఆ ప్రశ్నలకు జవాబు ఒక ఫైలులో ఉంటుంది. ఈరోజు మాట్లాడుకోవాల్సింది ఆ ఫైలు గురించే, ఎందుకంటే దాని మొదటి కాగితం రాసేది చాలాసార్లు ఈ గదిలో కూర్చున్నవాళ్లే.

పిల్లలు కావాలనుకునే వాళ్లకు కొదవ లేదు. దేశం మొత్తం మీద దరఖాస్తు చేసుకున్న దంపతులు వేలల్లో ఉన్నారు, పసిబిడ్డ కోసం మూడేళ్లకు పైగా ఎదురుచూస్తున్నారు. 2024-25లో దేశమంతా కలిపి జరిగిన దత్తతలు 4,515. అప్పటికి పన్నెండేళ్లలో అదే ఎక్కువ. ఇంకోపక్క హోముల్లో ఏళ్ల తరబడి ఉండిపోయే పిల్లలు ఉన్నారు. వాళ్లలో చాలామంది దత్తత దరఖాస్తుల వెబ్‌సైట్‌లో దంపతులకు కనిపించరు. ఈ బిడ్డను దత్తతకు ఇవ్వవచ్చు అని, దిక్కులేని పిల్లల విషయం తేల్చే బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు రాయనిదే బిడ్డ వివరాలు పోర్టల్‌కు ఎక్కవు. ఆ ఉత్తర్వు ఎక్కడ ఆగుతుందో చూద్దాం.

మొదటి 24 గంటలు. దొరికిన బిడ్డను 24 గంటల్లోగా సమితి ముందు పెట్టాలి, ప్రయాణానికి పట్టే సమయం వదిలేసి. పోలీసులకో, పిల్లల హెల్ప్‌లైన్ 1098కో, సమితికో చెప్పకుండా బిడ్డను దగ్గర పెట్టుకోవడం నేరం. ఆరు నెలల జైలు లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. మొదట ఆసుపత్రి, తర్వాత మిగతావి. అయితే బిడ్డను ఎత్తుకునే ముందు, ఎత్తుకున్న వెంటనే చూసి రాయాల్సినవి కొన్ని ఉన్నాయి: ఏ ఊరు, ఏ చోటు, టైం ఎంత, ఒంటి మీద ఏ బట్ట, బొడ్డుకు ఆసుపత్రి క్లిప్పు ఉందా, దారం కట్టి ఉందా. క్లిప్పు ఉంటే కాన్పు ఆసుపత్రిలో అయిందని అర్థం, పోలీసులు వెతకాల్సింది రిజిస్టర్లు. దారం ఉంటే వెతకాల్సింది చుట్టుపక్కల ఇళ్లు, తండాలు. ఈ ఒక్క ముక్క రాయకపోతే విచారణ రెండు వారాలు గాలిలో తిరుగుతుంది. బట్టను పారేయకండి, కవర్లో పెట్టి బిడ్డతో పాటు పంపండి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ బిడ్డ వచ్చి అడిగితే చూపించడానికి ఉండే వస్తువు అదొక్కటే కావచ్చు.

వాట్సాప్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బిడ్డ ఫొటో పెట్టి 'ఎవరికైనా కావాలంటే ఫోన్ చేయండి' అని రాసి పది గ్రూపులకు పంపేవాళ్లు దుర్మార్గులేం కాదు, జాలిపడ్డవాళ్లే. కానీ బిడ్డ గుర్తింపు బయటపెడితే ఆరు నెలల జైలు, రెండు లక్షల జరిమానా దాకా ఉంది. కన్నవాళ్ల ఆచూకీ కోసం అధికారికంగా ఇచ్చే పత్రికా ప్రకటన వేరు, అది జిల్లా బాలల సంరక్షణ యూనిట్ పని.

ఇక తల్లి తానే వచ్చి 'సాదలేను' అంటే. ఆమెను తిట్టి పంపితే బిడ్డ ముళ్లపొదల్లో తేలుతుంది, లేదా ఏజెంటు చేతికి పోతుంది. సమితి ముందు కూర్చోబెట్టి మాట్లాడాలి. పెళ్లైన దంపతులైతే ఇద్దరూ సంతకం పెట్టాలి. భర్తకు తెలియకుండా భార్య, భార్యను బెదిరించి భర్త ఇచ్చే కాగితం చెల్లదు. పెళ్లి కాని తల్లి అయితే ఆమె సంతకం చాలు. సంతకం తర్వాత రెండు నెలలు గడువు. ఆ లోపల మనసు మారి వస్తే, సమితి విచారించి బిడ్డను తిరిగి ఇవ్వాలి. కొత్తవాళ్లు ఈ గడువును ఆలస్యం అనుకుంటారు. నిజానికి అది తల్లి కోసం పెట్టింది. బాలింత ఒళ్లు కుదుటపడి, ఇంటివాళ్ల కోపం చల్లారడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

దొరికిన బిడ్డ విషయంలో లెక్క వేరు. రెండేళ్ల లోపు బిడ్డ అయితే రెండు నెలల్లో, అంతకు పైబడితే నాలుగు నెలల్లో కన్నవాళ్ల ఆచూకీ తేలలేదని పోలీసుల నివేదిక రావాలి, సమితి తేల్చాలి. మన జిల్లాల ఫైళ్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే. ఒక కారణం, నివేదిక అడిగిన ఉత్తరం ఒకసారి పంపి వదిలేయడం. 45వ రోజు మళ్లీ గుర్తు చేయండి, ఫోన్ చాలదు, రాతపూర్వకంగా. రెండోది 2016లో జిల్లాలు విడిపోయిన దగ్గర నుంచి వచ్చింది. బిడ్డ హోములో చేరినప్పుడు ఊరు ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో ఉంది, ఇప్పుడది నాగర్‌కర్నూల్‌లోనో వనపర్తిలోనో ఉంది. పాత స్టేషన్‌కు ఉత్తరం పోతుంది, 'మా పరిధి కాదు' అని వెనక్కి వస్తుంది. ఆ పిల్లవాడు ఈలోపు రెండు తరగతులు పైకి పోతాడు.

మూడోది పాలమూరు వలస. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. తల్లిదండ్రులు కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రి వెంట ముంబైకో పుణెకో పోతారు, పిల్లను ముసలమ్మ దగ్గర వదులుతారు. ముసలమ్మ పోయాక ఎవరో హోములో చేరుస్తారు. రికార్డులో 'అనాథ' అని పడుతుంది. ఇది ప్రమాదకరమైన మాట. తల్లిదండ్రులు ఉన్న పిల్లకు అనాథ అని రాసి దత్తతకు ఇస్తే, ఉగాదికి ఊరికి వచ్చిన తల్లికి మనం ఏం జవాబు చెబుతాం? అందుకే ఊరికి పోయి మేస్త్రి ఎవరో కనుక్కోవాలి. అడ్వాన్స్ ఇచ్చినవాడి దగ్గర పేర్లు, ఫోన్లు తప్పకుండా ఉంటాయి. రేషన్ కార్డులో ఎవరెవరి పేర్లున్నాయో డీలర్‌ను అడగాలి. తల్లిదండ్రులు దొరికి, పేదరికమే అడ్డమైతే ఆ కుటుంబానికి కావాల్సింది స్పాన్సర్‌షిప్, అంటే పిల్లను ఇంట్లోనే సాదుకోవడానికి ఇచ్చే నెలవారీ సాయం. గ్రామాల్లో ఏడాదికి 72,000 రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి, అర్హత ఉన్న పిల్లకు నెలకు 4,000 చొప్పున కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద వస్తుంది. ఆ దారి ఉండగా దత్తత ఫైలు తెరవడం తప్పు. దొరకకపోతే, లేదా దొరికినా ఏడాది పైగా ఒక్కసారి కూడా చూడటానికి రాకపోతే, అప్పుడు ఆ పిల్ల 'చూడవచ్చేవాళ్లు లేని' కేటగిరీ కిందికి వస్తుంది. హోము విజిటర్ల రిజిస్టర్ అందుకే ముఖ్యం. అందులో ఖాళీ పేజీ కూడా సాక్ష్యమే, కానీ తేదీలు వేసి ఉంటేనే.

బాండ్ పేపర్ దత్తతల మాట ఎత్తకుండా నల్లగొండలో దత్తత గురించి మాట్లాడలేం. దేవరకొండ, చందంపేట వైపు తండాల ఆడపిల్లల అమ్మకాలు 1999లో, మళ్లీ 2001లో బయటపడి దేశమంతా మన పేరు వినబడింది. వంద రూపాయల స్టాంపు కాగితం, ఇద్దరు పెద్దమనుషుల సాక్షి సంతకాలు, నోటరీ ముద్ర, కొంత డబ్బు. దాన్ని దత్తత అనుకుంటున్నారు. దానికి చట్టంలో విలువ లేదు. కన్నవాళ్లు నేరుగా ఇచ్చే దత్తతకు హిందువులకు 1956 చట్టం ఉంది. కానీ దానికీ షరతులున్నాయి: ఇంట్లో కొడుకు ఉంటే కొడుకును, కూతురు ఉంటే కూతురును తీసుకోకూడదు, బిడ్డకు పదిహేనేళ్లు నిండకూడదు, అన్నిటికన్నా ముఖ్యం, చేతులు మారేది ఒక్క రూపాయి కూడా ఉండకూడదు. డబ్బు పెట్టి బిడ్డను కొన్నా అమ్మినా బాల న్యాయ చట్టం 81వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష జరిమానా. ఆసుపత్రి వాళ్లే చేస్తే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా. 'ఆర్ఎంపీ మాట్లాడిపెట్టిండు' అనే మాట వినబడగానే మీ చెవులు నిక్కబొడుచుకోవాలి.

ఇప్పుడు తీసుకునేవాళ్ల వైపు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. వయసు లెక్క దగ్గర చాలామంది తికమకపడతారు. భార్యాభర్తల వయసులు కలిపి రెండేళ్ల లోపు బిడ్డకు 85, రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, ఎనిమిదేళ్ల దాకా 100, ఆపైన 110 దాటకూడదు. భర్తకు 46, భార్యకు 41 అంటే 87. పసిబిడ్డ రాదు, మూడేళ్ల పాప రావచ్చు. ఈ మాట మొదటి రోజే చెబితే వాళ్లు మనసు సిద్ధం చేసుకుంటారు. పెళ్లై రెండేళ్లు గడిచి ఉండాలి. ఒంటరి మగవాడికి ఆడపిల్లను ఇవ్వరు.

ఇంటి పరిశీలన నివేదికకు పత్రాలన్నీ ఇచ్చిన రోజు నుంచి 60 రోజులు గడువు. చాయ్ తాగి, ఇల్లు సొంతమా కిరాయా అని రాసుకుని, ఫొటో తీసుకుని వచ్చే పరిశీలన పరిశీలన కాదు. సొంతిల్లు బిడ్డను సాదదు. దంపతులను విడివిడిగా అడగండి: దత్తత ఆలోచన మొదట ఎవరిది? రెండోవాళ్లు ఒప్పుకోవడానికి ఎన్నాళ్లు పట్టింది? అత్తను అడగండి, వంటింట్లోకి పోయి, ఆమె పని చేసుకుంటూ ఉండగా. 'వాళ్లిష్టం బిడ్డా, మేం ఏమంటం' అంటే ఆ ఇంట్లో ఇంకా ఒప్పుకోలేదని. 'ఏ కులపు పిల్లనో' అన్న మాట బయటకు రాకపోయినా ఏదో రూపంలో వస్తుంది. 'ఎర్రగ ఉంటదా' అని అడుగుతారు. నివేదికలో దాచకండి. అది రాసి, మరో రెండు సార్లు మాట్లాడి, మార్పు వచ్చిందా అన్నది కూడా రాయండి. పిల్లకు ఆ సంగతి చెబుతారా అని తప్పకుండా అడగండి. 'పెద్దయ్యాక చెబుతాం' అనేవాళ్లకు ఊరి సంగతి గుర్తు చేయాలి. మన ఊళ్లలో పదేళ్ల లోపే పక్కింటి పిల్లలు బావి కాడ చెప్పేస్తారు.

బిడ్డ వివరాలు చూపించాక రిజర్వ్ చేసుకోవడానికి 48 గంటలు, ఆ తర్వాత బిడ్డను చూసి ఒప్పుకోవడానికి 30 రోజులు. ఇక్కడ వైద్య నివేదిక దెబ్బ తీస్తుంది. రెండు ముక్కల్లో రాసిన నివేదిక మంచి బిడ్డకు కూడా తలుపు మూస్తుంది. మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఎనిమిదేళ్ల పాప పళ్ల మీద గోధుమ రంగు మరకలుంటాయి. 'దంత లోపం' అని రాస్తే చెన్నైలోనో పుణెలోనో చదివే దంపతులు ఏదో రోగం అనుకుంటారు. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చిన మరక, ఎముకలకు సోకలేదు, అని డాక్టర్ పరీక్షించి పూర్తిగా రాయాలి. సోకి ఉంటే అదీ రాయాలి. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు నెలనెలా బరువు పట్టిక జతచేయండి. పెరుగుతున్న గీత చూస్తే దంపతులకు ధైర్యం వస్తుంది.

ఆరేళ్లు దాటిన పిల్లలకు దారి ఇంకోటి ఉంది. 2024లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం పోషక (ఫోస్టర్) కుటుంబంలో, అంటే దత్తత కాకుండా పిల్లను ఇంట్లో పెట్టుకుని పెంచే కుటుంబంలో, రెండేళ్లు ఉన్న పిల్లను ఆ కుటుంబమే దత్తత తీసుకోవచ్చు. ముందు ఇది ఐదేళ్లు ఉండేది. ఒంటరివాళ్లు కూడా పోషణకు తీసుకోవచ్చు. నా అభిప్రాయంలో మన జిల్లాలకు బాగా పనికొచ్చేది ఇదే, ఎందుకంటే పెద్ద పిల్లకూ పెద్దవాళ్లకూ ఒకరినొకరు చూసుకునే వ్యవధి ఇస్తుంది. నెలకు 4,000 వస్తుంది కదా అని వచ్చేవాళ్లను వడకట్టడం మాత్రం మీ పని. పశువులు కాయించడానికి, చంటిపిల్లను ఆడించడానికి మనిషి కోసం వచ్చేవాళ్లూ ఉంటారు. ఇంట్లో పిల్ల ఎక్కడ పడుకుంటుంది, బడి ఎంత దూరం, పొద్దున ఐదు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఎవరెవరు ఏం చేస్తారు అని గంట గంటకూ అడిగితే ఆ పని బయటపడుతుంది.

ఐదేళ్లు దాటిన పిల్ల ఒప్పుకోవాలి, తల ఊపించి రాయించుకోవడం కాదు. లంబాడీ మాట తప్ప రాని పిల్లకు తెలుగులో అడిగి 'ఒప్పుకుంది' అని రాయకండి, ఆ భాష వచ్చిన మనిషిని కూర్చోబెట్టండి. కొత్త అమ్మానాన్నల ఫొటోలు, వాళ్లింటి తలుపు, పడుకునే మంచం, వీధిలో కుక్క ఉంటే కుక్క, ఇవన్నీ ఒక చిన్న ఆల్బమ్‌గా పది రోజుల ముందే పిల్ల చేతికి ఇవ్వాలి. వీడియో కాల్ కన్నా ఆల్బమ్ మేలు, రాత్రి దిండు కింద పెట్టుకోవచ్చు.

దంపతులు ఒప్పుకున్నాక పది రోజుల్లో, కలెక్టర్ ఉత్తర్వు ఇంకా రాకముందే, బిడ్డ దత్తతకు ముందు పోషణ కింద వాళ్లింటికి పోతుంది. 2022 సెప్టెంబర్ 1 నుంచి దత్తత ఉత్తర్వు కోర్టుది కాదు, కలెక్టర్‌దే, రెండు నెలల్లో రావాలి. దంపతులు వెనక్కి తెచ్చి వదిలే కేసులు చాలావరకు మొదటి నెలల్లోవే. మొదటి రెండు వారాలు పిల్ల చెప్పిన మాట వింటుంది, అందరూ మురుస్తారు. తర్వాత మొదలవుతుంది: రొట్టె ముక్క, బిస్కెట్ దిండు కింద దాచడం, పక్క తడపడం, అబద్ధాలు, వచ్చిన ప్రతి ఆడమనిషినీ 'అమ్మా' అనడం. దొంగతనం అని కొడతారు. హోములో ఆకలి వేసినప్పుడు కాదు, గంట కొట్టినప్పుడు తిన్న పిల్ల అది. వంటింట్లో పిల్లకు అందే ఎత్తులో ఒక డబ్బా పెట్టి, అందులోది ఎప్పుడైనా తీసుకోవచ్చు అని చెప్పి, ఎప్పుడూ ఖాళీ కాకుండా చూడమనండి. చాలా ఇళ్లలో కొన్ని వారాల్లో దాచడం ఆగుతుంది. ఆగకపోతే ఆరు నెలల తనిఖీ కోసం చూడకుండా అప్పుడే కౌన్సెలర్‌ను పంపండి. చట్టం ప్రకారం రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి వెళ్లాలి, అది కనీసం. మొదటి నెలలో వారానికోసారి ఫోన్ చేయడానికి ఏ చట్టం అక్కర్లేదు.

ఆఖరుగా సంచి. పంపే రోజు కొత్త గౌను తొడిగి, చేతులు ఊపుకుంటూ పంపకండి. టీకాల కార్డు, బడి కాగితాలు, హోములో తీసిన ఫొటోలు, దోస్తులు గీసిచ్చిన బొమ్మలు, పాత చెప్పులు, వాడుతున్న టూత్‌బ్రష్, రాత్రి ఏ పాట పాడితే నిద్రపోతుందో రాసిన కాగితం ఒకటి. కప్పుకునే దుప్పటి తప్పకుండా పెట్టండి. అది మాసిపోయి ఉంటుంది, ఆయమ్మ ఉతికి మడతపెడదామని చూస్తుంది. ఉతకవద్దని చెప్పండి. కొత్త ఇంట్లో మొదటి రాత్రి పిల్లకు తెలిసిన వాసన ఆ దుప్పటిదే.