నాలుగు వందల రూపాయల ఐపీఎల్

(టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నమెంట్ ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలందరికీ నమస్కారం. ఒక్కొక్కరి పేరూ చదువుతూ పోతే మొదటి మ్యాచ్‌కి ఎండెక్కుతుంది. అందుకని ఒకటే నమస్కారం, అందరూ పంచుకోండి. పదహారు టీముల కెప్టెన్లూ కాస్త ముందుకొచ్చి కూర్చోండి. నేను మాట్లాడాల్సింది మీతోనూ, ఆ టెంటు కింద స్కోరు పుస్తకం పట్టుకు కూర్చున్న పిల్లలతోనూ.

కమిటీవారు క్రీడాస్ఫూర్తి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను బెట్టింగ్ గురించి చెబుతాను. మూడు విషయాలు: మన ఆటలోకి పందెం ఎలా వస్తుంది, లెక్కలో ఎవరు మునుగుతారు, చట్టం ఏమంటుంది.

2022లో ఐపీఎల్ మే 29న అయిపోయింది. మూడు వారాలకు గుజరాత్‌లో మెహసానా జిల్లా, వడ్‌నగర్ దగ్గర మోలీపూర్ అనే ఊళ్ళో ఇంకో ఐపీఎల్ మొదలైంది. ఒక పొలం అద్దెకు తీసుకున్నారు. హాలోజన్ లైట్లు, ఐదు కెమెరాలు పెట్టారు. ఇరవై మందికి పైగా కూలీలనూ కుర్రాళ్ళనూ పిలిచి చెన్నై, ముంబై, గుజరాత్ జెర్సీలు తొడిగారు. మనిషికి మ్యాచ్‌కి నాలుగు వందల రూపాయలు. జనం అరుపులు ఇంటర్నెట్ నుంచి దించి స్పీకర్లో వేశారు. హర్షా భోగ్లే గొంతును అనుకరించే ఒకడితో కామెంటరీ చెప్పించారు. యూట్యూబ్‌లో ప్రసారం, టెలిగ్రామ్‌లో పందేలు, కాసేవాళ్ళు రష్యాలో. ఆ పందెం చూసి వాకీటాకీలో అంపైర్‌కి కబురు వెళ్ళేది. అంపైర్ బౌలర్‌కి చెప్పేవాడు, బౌలర్ మెల్లగా ఒక బంతి వేసేవాడు, సిక్సర్ పోయేది. క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చాక పోలీసులు పట్టుకున్నారు.

నవ్వుతున్నారు. దేశమంతా నవ్వింది. నవ్వు అయిపోయాక ఆ నాలుగు వందలు ఒక్కసారి తలుచుకోండి. ఒక మ్యాచ్‌ని ముందే రాసిపెట్టుకోవడానికి ఆటగాడికి ఇచ్చిన ధర అది.

ఇదొక్కటే అనుకోకండి. 2020 జూన్ 29న చండీగఢ్ దగ్గర సవారా అనే ఊళ్ళో మ్యాచ్ ఆడించి, శ్రీలంకలోని బదుల్లలో ‘ఊవా టీ20 లీగ్’ జరుగుతోందని ప్రసారం చేశారు. శ్రీలంక బోర్డు మాకేం సంబంధమని అడిగింది. అదే కరోనా ఏడాది పెద్ద క్రికెట్ ఆగిపోతే, యూరప్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ సరదాకి ఆడే క్లబ్ ఆటగాళ్ళ పది ఓవర్ల మ్యాచ్‌ల మీద ఇక్కడ మనవాళ్ళు డబ్బు పెట్టి, ఆటగాళ్ళను ఎంచుకుని ఫాంటసీ టీములు కట్టారు. అంటే పందెం కాసేవాడికి ఆట గొప్పదా కాదా అన్నది అక్కర్లేదు. బంతి బంతికీ స్కోరు అందితే చాలు. మన టోర్నమెంట్‌లో అది అందుతోంది. ఫోన్‌లో స్కోరింగ్ యాప్ ఉంది, స్టాండు మీద కెమెరా ఉంది.

ప్రసారానికీ గ్రౌండుకీ మధ్య పది నుంచి ముప్ఫై సెకన్ల తేడా ఉంటుంది. వికెట్ పడిందని మీకు ఇక్కడ తెలిసిన క్షణానికి, తెర మీద బౌలర్ ఇంకా పరుగెత్తుతూనే ఉంటాడు. బౌండరీ దగ్గర చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని బంతి బంతికీ గొణిగే మనిషి అమ్ముకునేది ఆ సెకన్లనే. స్కోరర్ బాబూ, ‘అన్నా, కాల్ లైన్‌లో ఉంచు చాలు, రోజుకి వెయ్యి’ అని ఎవరైనా అంటే, వాడికి కావలసింది నీ స్కోరు కాదు, ఆ తేడా.

ఇక్కడో మాట అడగాలి, కమిటీవారు ఏమీ అనుకోవద్దు. ఈ నాలుగు రోజులకు అంపైర్‌కి మీరిచ్చేది ఎంత? టీషర్టు, బిర్యానీ పొట్లం, పెట్రోలు ఖర్చు. స్కోరర్‌కి అదీ లేదు. డీజేకి ఎంత, బాణసంచాకి ఎంత, అతిథులకు శాలువాలు ఎన్ని? (ఇప్పుడు నాకు కప్పింది కూడా లెక్కలోకి వస్తుంది.) మ్యాచ్ నిజాయితీ మొత్తం ఎవరి చేతిలో ఉందో వాళ్ళకే మనం ఖర్చు తగ్గించుకుంటాం. మోలీపూర్‌లో కూడా వాకీటాకీ పట్టుకున్నది కెప్టెన్ కాదు, అంపైర్.

మూడు విషయాలన్నాను కదూ, మొదటిదాని దగ్గరే ఉండిపోయాను. సరే, లెక్కకి వద్దాం.

మనూళ్ళలో చలామణీలో ఉన్న పందేలు రెండు రకాలు. ఒకటి గెలుపోటముల రేటు. ఫేవరెట్ టీము ఎనభై–ఎనభై రెండు అంటారు. ఫేవరెట్ మీద నూరు పెట్టి గెలిస్తే వచ్చేది ఎనభై. దానికి వ్యతిరేకంగా కాసేవాడు గెలిస్తే వచ్చేది నూరు, ఓడితే కట్టేది ఎనభై రెండు. ఫేవరెట్ గెలిస్తే మధ్యలో రెండు రూపాయలు పందేలు కట్టించుకునే బుకీవి. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టండి. నూటికి ఎనభై చొప్పున తొమ్మిది పందేలు కాశారు. ఐదు గెలిస్తే నాలుగు వందలు వచ్చాయి, నాలుగు ఓడితే నాలుగు వందలు పోయాయి. తొమ్మిదిలో ఐదు సరిగ్గా చెప్పగలిగినవాడికి చేతికి మిగిలింది సున్నా.

రెండోది సెషన్, అంటే ఇన్ని ఓవర్లలో ఎన్ని పరుగులొస్తాయన్న పందెం. ఆరు ఓవర్లకు నలభై ఐదు–నలభై ఆరు అంటాడు. నలభై ఆరో పైనో వస్తే ‘అవును’ అన్నవాడు గెలుస్తాడు, నలభై నాలుగో లోపో అయితే ‘కాదు’ అన్నవాడు. సరిగ్గా నలభై ఐదు వస్తే? ఇద్దరి డబ్బూ బుకీదే. ఫిక్సింగ్ దూరేదీ ఈ సెషన్‌లోనే, ఎందుకంటే మ్యాచ్ ఓడక్కర్లేదు. ఆరో ఓవర్లో రెండు వైడ్లు వేస్తే సరిపోతుంది. ‘మన టీము ఎలాగూ గెలుస్తుందిరా, వైడ్ వేస్తే ఏం పోయింది’ అని మొదలుపెడతారు. అలాగని వైడ్ వేసిన ప్రతి పిల్లాడినీ అనుమానించకండి. టెన్నిస్ బంతి గాలికి ఎటో పోతుంది. ఒక బంతిని చూసి ఏమీ తేలదు. ఒకే బౌలర్, ఒకే ఓవర్, మ్యాచ్ తర్వాత మ్యాచ్: అది స్కోరు పుస్తకంలో కనబడుతుంది. అందుకే యాప్ ఉన్నా కాగితం మీద కూడా బంతి బంతికీ రాయండి. ఇద్దరు స్కోరర్లు, ప్రతి ఓవర్‌కీ సరిచూసుకుని సంతకం.

పోయింది రాబట్టాలని రెట్టింపు చేసేవాళ్ళుంటారు. ఐదు వందలతో మొదలై వరసగా ఆరు ఓడితే ముప్ఫై ఒక్క వేల ఐదు వందలు. ఆ డబ్బు ఇంట్లో ఉండదు, నూటికి పది వడ్డీకి తెస్తాడు. అప్పు నోటు మీద ‘బెట్టింగ్ బాకీ’ అని ఎవడూ రాయడు. ‘ఇంటి ఖర్చుల నిమిత్తం చేబదులు’ అని అప్పిచ్చేవాడు రాయిస్తాడు.

చట్టం క్లుప్తంగా. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. గెలిచిన డబ్బు బుకీ ఎగ్గొడితే కోర్టుకు పోలేరు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను ఆన్‌లైన్‌కీ వర్తింపజేశాయి. వాటి కింద ఆడినవాడికీ శిక్ష ఉంది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నడిపితే మూడేళ్ళ దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రచారం చేసినా రెండేళ్ళు, యాభై లక్షలు. రీల్స్ చేసే తమ్ముళ్ళు ఈ చివరిది గుర్తుంచుకోండి. ‘నెలకి మూడు వేలిస్తాం, నీ బ్యాంకు ఖాతా, సిమ్ము ఇవ్వు’ అనేవాడికి ఇచ్చారంటే, డబ్బు వాడిది, కేసు మీది. ఇచ్చేసినవాళ్ళు ఉంటే ఈ రోజే బ్యాంకుకు వెళ్ళి ఖాతా ఆపించండి. మోసంలో మీ ఖాతాలో సొమ్ము పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కెప్టెన్లు అడిగేది నాకు తెలుసు. ‘మా టీము మీద మేమే కాసుకుంటే తప్పేంటండీ? ఓడిపోవాలని కాయట్లేదుగా?’ ఎంట్రీ ఫీజు కట్టి ప్రైజ్ కోసం ఆడటం వేరు, అందులో అందరికీ ఒకే లెక్క. రెండు టీములు చెరో ఐదు వేలు పెట్టుకుని ఆడే బెట్ మ్యాచ్‌లో అంపైర్‌ని ఎవరు నమ్ముతారు? అదీగాక నీ గెలుపు మీద నువ్వు రోజూ కాస్తుంటే, కాయని రోజున బుకీకి కబురు ముట్టినట్టే. భుజం పట్టేసిన బౌలర్‌తో నాలుగో ఓవర్ కూడా వేయిస్తావు, ఎందుకంటే ఐదు వేలున్నాయి.

మీలో ఒకరిద్దరు జిల్లా జట్టుకి వెళ్ళేవాళ్ళున్నారు. బంగ్లాదేశ్ క్రికెటర్ షకీబ్ అల్ హసన్‌ని 2019 అక్టోబరులో ఐసీసీ రెండేళ్ళు నిషేధించింది, అందులో ఒక ఏడాది శిక్షను షరతు మీద నిలిపి ఉంచింది. ఆయన మ్యాచ్ అమ్మలేదు. ఎవరో వచ్చి అడిగారని చెప్పలేదు, అంతే. ఎవరైనా మిమ్మల్ని అడిగితే, వద్దని చెప్పడంతో పని అయిపోలేదు. ఆ రోజే కమిటీకి చెప్పాలి.

మైకు తిరిగి ఇచ్చేస్తున్నాను. లైవ్ కెమెరా తిప్పే తమ్ముడూ, టాస్‌కి ముందు ఒకసారి గ్రౌండంతా, ఊరి పేరున్న బోర్డూ కనబడేలా తిప్పు. మోలీపూర్‌లో అది చూపించలేదు. స్కోరర్లిద్దరూ, ఫోన్లు ఈ బల్ల మీద పెట్టి వెళ్ళండి, యాప్ కోసం కమిటీ ట్యాబ్ ఉంది. శాలువా ఇదిగో అధ్యక్షా, దీని ఖరీదు అంపైర్ల లెక్కలో వేయండి.