నల్ల మాంగనీసు, గులాబి రాయి

శ్రోతలకు నమస్కారం. గరివిడి, చీపురుపల్లి ప్రాంతాల వారికి మాంగనీసు అనగానే నల్లరాయి, నల్లటి దుమ్ము గుర్తుకు వస్తాయి. అదే మాంగనీసు స్పొడ్యుమీన్ అనే ఖనిజంలో లేశమాత్రంగా చేరితే, ఆ రాయి లేత గులాబి, ఊదా కలిసిన వన్నె తేలి రత్నమవుతుంది. దాని పేరు కుంజైట్. న్యూయార్క్‌లోని టిఫనీ సంస్థలో రత్న నిపుణుడైన జార్జ్ ఫ్రెడరిక్ కుంజ్ పేరును 1903లో దానికి పెట్టారు. క్రోమియం చేరిన ఆకుపచ్చ రకం హిడెనైట్. దాని సంగతి చెప్పడానికి నేడు వ్యవధి లేదు.

వన్నె లేని స్పొడ్యుమీనే ఎక్కువ, దానికి దారి బట్టీలోకే. పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రీన్‌బుషెస్ వంటి గనులలో తవ్విన ఈ రాయిలో లిథియం ఉన్నా, ఆమ్లానికి అది అంత సులభంగా లొంగదు. సుమారు 1,050 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చినప్పుడు లోపలి అమరిక మారి, రాయి దాదాపు 30 శాతం ఉబ్బి, పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడిని గంధకామ్లంతో కలిపి సుమారు 250 డిగ్రీల వద్ద వేడిచేసి నీటితో కడిగితే లిథియం నీటిలోకి దిగుతుంది. మన ఫోను బ్యాటరీలలోని లిథియంలో కొంత ఇలా వచ్చినదే.

నాకు ఇష్టమైనది మాత్రం కుంజైటే. నవరత్నాలలో దానికి చోటు లేదు కనుక, జాతకం చూపించి కొనవలసిన పని లేదు, నచ్చితే చాలు. కొనేముందు తిప్పి చూడండి. స్ఫటికం పొడవు వెంట చూసినప్పుడు రంగు చిక్కగా, పక్క నుంచి చూసినప్పుడు వెలిసినట్టుగా కనబడుతుంది. అందుకే సానపట్టేవారు ఆ చిక్కని దిక్కు పైముఖానికి వచ్చేలా కోస్తారు. గులాబి గాజును ఎంత తిప్పినా ఈ తేడా రాదు. అందుకే మళ్లీ చెబుతున్నాను, తిప్పి చూడండి.

ఈ రాయి సుకుమారమైనది. రెండు దిక్కులలో నునుపుగా చీలిపోయే గుణం ఉన్నందున గట్టి దెబ్బకు తట్టుకోదు, ఎండలో ఎక్కువకాలం ఉంచితే రంగు తగ్గుతుంది. సాయంత్రపు వేడుకలకు పెట్టుకుని, మిగతా వేళ పెట్టెలో దాచడం మేలు. ఉంగరం బిగుతై కంసాలి దగ్గరకు తీసుకువెళ్తే, అతికే మంట తగలకముందే రాయిని ఊడదీయించి, పని ముగిశాకే తిరిగి పొదిగించుకోండి.