గీసేవాళ్ళు, నడిపేవాళ్ళు: ఓడల ఇంజనీరింగ్‌లో రెండు దారులు

అందరికీ నమస్కారం.

మెరైన్ ఇంజనీరింగ్ అనగానే ఎదుటివాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు. జీతం ఎంత? ఇంటికి ఎన్నాళ్ళకోసారి వస్తారు? రెండూ అడగాల్సినవే. మొదటిది ఫోన్‌లో నాకంటే మీరే బాగా వెతుక్కోగలరు. రెండోదానికి తర్వాత వస్తాను. అంతకంటే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది. ఇది ఒక్క ఉద్యోగం కాదు, రెండు. ఓడ తేలుతుందా, నిటారుగా నిలబడుతుందా, అలల తాకిడికి విరగకుండా ఉంటుందా అని లెక్కలు కట్టి దానికి రూపం ఇచ్చేవాళ్ళు నేవల్ ఆర్కిటెక్టులు. ఆ ఓడ ఎక్కి ఇంజన్లను, పంపులను, జనరేటర్లను రాత్రీపగలూ నడిపించేవాళ్ళు మెరైన్ ఇంజనీర్లు. చదువులు వేరు, పరీక్షలు వేరు, రోజు గడిచే తీరు మరీ వేరు.

నేను కొన్నేళ్ళు ఇంజన్ రూముల్లో, ఆ తర్వాత డిజైన్ ఆఫీసులో పనిచేశాను. రెండువైపులవాళ్ళూ ఒకరినొకరు తిట్టుకోవడం దగ్గరుండి విన్నాను. "ఈ వాల్వు ఇక్కడ పెట్టినవాణ్ణి ఒక్కసారి తీసుకొచ్చి తిప్పమనండి" అంటారు కింద ఇంజనీర్లు. "డ్రాయింగులో చెప్పినట్టు వాడితే ఈ గొడవే ఉండదు" అంటారు పైన డిజైనర్లు. తమాషా ఏమిటంటే, చాలాసార్లు ఇద్దరి మాటా నిజమే. అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. ఈ రెంట్లో ఏది ఎంచుకున్నా సరే, రెండోవాళ్ళ పని తెలియకుండా మాత్రం మంచి ఇంజనీరు కాలేరు. ఎందుకో ఈమధ్య జరిగిన ఒక ప్రమాదం చూస్తే తెలుస్తుంది.

2024 మార్చి 26, అర్ధరాత్రి దాటింది. అమెరికాలోని బాల్టిమోర్ రేవు నుంచి డాలీ అనే కంటెయినర్ ఓడ బయల్దేరింది. పొడవు దాదాపు 300 మీటర్లు. ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన దగ్గరికి వస్తుండగా ఓడలో కరెంటు పోయింది. ఇంజను ఆగిపోయింది. కరెంటు వచ్చింది, మళ్ళీ పోయింది. మొదటిసారి దీపాలు ఆరినప్పటి నుంచి ఓడ వెళ్ళి వంతెన స్తంభాన్ని ఢీకొట్టేదాకా గడిచింది నాలుగు నిమిషాలే. వంతెన కూలిపోయింది. దాని మీద రోడ్డు మరమ్మతు చేస్తున్న ఆరుగురు చనిపోయారు.

అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు విచారించి ఏం తేల్చిందో వినండి. మొదటిసారి కరెంటు పోవడానికి కారణం సరిగ్గా బిగియని ఒక్క వైరు. వైర్లను గుర్తుపట్టడానికి వాటి చివర చిన్న లేబుల్ పట్టీ తొడుగుతారు. ఒక వైరుకి ఆ పట్టీని తప్పు చోట తొడిగారు. దాంతో వైరును బిగించే టెర్మినల్ లోపలికి అది పూర్తిగా దిగలేదు. పైకి చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టుంటుంది. ఒకనాడు కాంటాక్ట్ తప్పింది, బ్రేకర్ పడింది. రెండోసారి కరెంటు పోవడానికి కారణం వేరు. జనరేటర్లకు ఇంధనం ఒక ఫ్లషింగ్ పంపు, అంటే పైపుల్ని శుభ్రం చేయడానికి పెట్టే పంపు ద్వారా అందుతోంది. ఆ పంపు ఉన్నది ఆ పనికి కాదు. కరెంటు పోయి వచ్చాక అది తనంతట తాను మళ్ళీ మొదలవదు. పంపు ఆగింది, ఇంధనం అందక జనరేటరూ ఆగింది.

వేల కొద్దీ వైర్లున్న ఓడలో ఒక్క పట్టీ. ఇందులో బిగించినవాడి తప్పు ఎంత, తనిఖీ చేసినవాడి తప్పు ఎంత, ఆ వైరు కనబడని చోట డిజైన్ చేసినవాడి పాలు ఎంత? కోర్టులు తేల్చుకుంటాయి. మనకి కావాల్సింది వేరే. పంపు ఎందుకు పెట్టారో నడిపేవాడికి తెలియాలి. నడిపేవాడు దాన్ని ఇంకే పనికి వాడుకునే అవకాశం ఉందో పెట్టేవాడు ఊహించాలి.

ఇక మెరైన్ ఇంజనీరు పని ఎలా ఉంటుందో చెబుతాను. పెద్ద సరుకు ఓడల్లో ఎక్కువగా ఉండేవి రెండు స్ట్రోకుల డీజిల్ ఇంజన్లు. 2006లో వచ్చిన ఎమ్మా మెర్స్క్ అనే ఓడలో పెట్టిన ఇంజనుకి 14 సిలిండర్లు, బరువు దాదాపు 2,300 టన్నులు, శక్తి సుమారు 80 మెగావాట్లు. అంత ఇంజనూ నిమిషానికి తిరిగేది వంద సార్లకు కాస్త పైన. ఒక్కో సిలిండరు లోపలి వెడల్పు 96 సెంటీమీటర్లు. అంటే ఓవర్‌హాల్ చేసేటప్పుడు మనిషే లోపలికి దిగి గోడ ఎంత అరిగిందో కొలుస్తాడు. గేరుబాక్సు ఉండదు, ఇంజను షాఫ్ట్ నేరుగా ప్రొపెల్లర్‌కే. ఓడ వెనక్కి వెళ్ళాలంటే ఇంజనును ఆపి, వ్యతిరేక దిశలో మళ్ళీ స్టార్ట్ చేయాలి.

అందులో కాల్చే హెవీ ఫ్యూయల్ మామూలుగా తారులా చిక్కగా ఉంటుంది. ముందు దాన్ని ప్యూరిఫయర్లో గిరగిరా తిప్పి నీటినీ మట్టినీ వేరు చేస్తారు. ఇంజనులోకి పంపే ముందు 130 డిగ్రీల దాకా వేడి చేస్తారు. అంత వేడి నూనె మీ తల పక్కనుంచి పైపుల్లో పోతుంటుంది. దగ్గర్లోనే ఎగ్జాస్ట్ పైపులు ఇంకా వేడిగా ఉంటాయి. సోలాస్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో దీనికో నియమం ఉంది. 220 డిగ్రీలు దాటే వేడి ఉండి, నూనె కారితే పడే అవకాశమున్న ప్రతి ఉపరితలాన్నీ ఇన్సులేషన్‌తో కప్పాలి. డిజైనరు కప్పే ఇస్తాడు. రిపేరు కోసం ఆ తొడుగు విప్పినవాడు, పని అయ్యాక అలసిపోయి రెండు క్లిప్పులు వదిలేశాడనుకోండి, అగ్నిప్రమాదానికి దారి తెరిచినట్టే. మెరైన్ ఇంజనీరు గొప్పతనం ఎక్కువగా ఇలాంటి క్లిప్పుల దగ్గరే తెలుస్తుంది, ఇంజను ముందు నిలబడి ఫొటో దిగేటప్పుడు కాదు.

చాలా ఓడల్లో ఇప్పుడు రాత్రిపూట ఇంజన్ రూములో ఎవరూ ఉండరు. డ్యూటీ ఇంజనీరు గదిలోనే అలారం ఉంటుంది. అది మోగితే నిద్రలోంచి లేచి కిందికి పరుగెత్తాలి. కరెంటు మొత్తం పోతే ఎమర్జెన్సీ జనరేటరు 45 సెకన్లలోపు దానంతట అదే స్టార్ట్ అయ్యి లోడు అందుకోవాలని నియమం. ఆ నలభై అయిదు సెకన్ల చీకట్లో మనసు ఎంత నిలకడగా ఉంటుందో, ఈ ఉద్యోగానికి మీరు అంత పనికొస్తారు. టెన్షన్ పడటం తప్పు కాదు. టెన్షన్‌లో కూడా చేయాల్సిన పనుల వరుస గుర్తుండాలి, అంతే.

డిజైన్ వైపు పరిస్థితి పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ మీకు నెలల సమయం ఉంటుంది. కానీ మీరు వేసిన లెక్క సుమారు పాతికేళ్ళు ఓడతోనే తిరుగుతుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష గురించి కాస్త వివరంగా చెబుతాను. దాన్ని ఇంక్లైనింగ్ టెస్ట్ అంటారు. ఓడ కట్టడం పూర్తయ్యాక దాని గురుత్వ కేంద్రం నిజంగా ఎంత ఎత్తులో ఉందో తేల్చే పరీక్ష అది. కంప్యూటర్ చెప్పిన అంకె ఉంటుంది, కానీ దాన్ని నమ్మి సముద్రంలోకి పంపరు.

గాలి లేని వేళ చూసుకుంటారు, ఎక్కువగా తెల్లవారుజామున. ఓడను కట్టిన తాళ్ళన్నీ వదులు చేస్తారు. నిచ్చెన తీసేస్తారు. పనిలేనివాళ్ళందర్నీ దింపేస్తారు. ట్యాంకులు నిండుగానైనా ఉండాలి, ఖాళీగానైనా ఉండాలి. వాటిలో సగం నీళ్ళుంటే లెక్క చెడుతుంది. అంతకుముందే కుర్ర ఇంజనీర్లు ఓడంతా తిరిగి, ట్యాంకుల్లోకి దూరి, ఎక్కడ ఏ పెయింటు డబ్బా ఉందో, ఏ టూల్ బాక్సు మరిచిపోయారో మొత్తం రాసుకుంటారు. ఎందుకంటే ఆ బరువు ఓడది కాదు, తీసేసి లెక్కించాలి. తర్వాత డెక్కు మీద తెలిసిన బరువుల్ని ఓ పక్క నుంచి ఇంకో పక్కకి జరుపుతారు. ఓడ కొంచెం ఒరుగుతుంది. లోపల పొడవాటి లోలకం వేలాడుతుంటుంది. అది ఊగిసలాడకుండా దాని గుండును నూనె తొట్టెలో ముంచి ఉంచుతారు. అయిదు మీటర్ల లోలకమైతే, ఓడ ఒకటిన్నర డిగ్రీ ఒరిగినప్పుడు 13 సెంటీమీటర్లు పక్కకి జరుగుతుంది. ఆ పదమూడు సెంటీమీటర్ల నుంచి మొత్తం ఓడ గురుత్వ కేంద్రాన్ని లెక్కగడతారు. హైస్కూలు త్రికోణమితి చాలు. మిగతాదంతా శ్రద్ధ.

స్వీడన్‌లో 1628లో వాసా అనే యుద్ధనౌకకి ఇలాంటి పరీక్షే చేశారు, మొరటుగా. ముప్పైమందిని డెక్కు మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి పరుగెత్తించారు. ఓడ ఎంతలా ఊగిందంటే, పరీక్ష మధ్యలోనే ఆపించారు. ఓడను మాత్రం ఆపలేదు. ఆగస్టు 10న తొలి ప్రయాణంలోనే కిలోమీటరున్నర కూడా పోకుండా స్టాక్‌హోమ్ రేవులోనే మునిగింది. నిలకడను లెక్కగట్టే పద్ధతి అప్పటికి ఇంకా పుట్టలేదు. మెటాసెంటర్ సిద్ధాంతాన్ని పియర్ బుగే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ప్రచురించింది 1746లో. ఆ ఓడ కట్టినవాళ్ళకి తెలియకపోవడాన్ని క్షమించవచ్చు. పరీక్ష చూసినవాళ్ళు కూడా ఓడను ఆపకపోవడం వేరే సంగతి. యజమాని తొందరపెడుతుంటే "ఆగండి" అనగలగడం కూడా ఈ వృత్తిలో భాగమే. సిలబస్‌లో ఉండదు, అంతే.

సగం నిండిన ట్యాంకు గురించి అన్నాను కదా. వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి పట్టుకుని నాలుగు అడుగులు వేయండి, ఎందుకో చేతికే తెలుస్తుంది. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రూగ రేవు బయట హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీకి జరిగింది అదే. ఓడ ముందు భాగంలోని తలుపులు మూయకుండానే బయల్దేరింది. కార్లు నిలిపే విశాలమైన డెక్కు మీదకి నీళ్ళొచ్చాయి. అడ్డుగోడలు లేవు. నీరంతా ఒక పక్కకి ఒరిగింది, నిమిషంన్నరలో ఓడ పల్టీ కొట్టింది. 193 మంది పోయారు. తలుపులు మూసి ఉన్నాయో లేవో తెలిపే దీపం పైన బ్రిడ్జి మీద, అంటే కెప్టెన్ నిలబడి ఓడను నడిపే చోట పెట్టమని కెప్టెన్లు అంతకుముందే అడిగారు, పెట్టలేదు. నడిపేవాళ్ళు అడిగింది చిన్న దీపం.

లెక్కలంటే మరీ ఇష్టం ఉన్నవాళ్ళకి నీటి నిరోధం అనే విభాగం ఉంది. 1870ల్లో విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు చిన్న నమూనాలను తొట్టెలో లాగి, అసలు ఓడ ప్రవర్తనను ముందే చెప్పే పద్ధతి తెచ్చాడు. ఓడ పొడవులో ఇరవై అయిదో వంతు నమూనా చేస్తే, దాన్ని అయిదో వంతు వేగంతో లాగాలి. అప్పుడే రెంటి అలలూ ఒకే తీరుగా లేస్తాయి. ఇప్పుడు కంప్యూటర్లో నీటి ప్రవాహాన్ని లెక్కిస్తున్నా ఆ తొట్టెలు మూతపడలేదు. అయితే డిజైనరు ఎంత బాగా లెక్కించినా, ఓడను వాడే తీరు మారిపోవచ్చు. పెద్ద కంటెయినర్ ఓడల ముందు భాగంలో నీటి కింద ఉండే గుండ్రటి ముక్కును పాతిక నాట్ల (గంటకు దాదాపు 46 కిలోమీటర్ల) వేగం కోసం తీర్చిదిద్దారు. 2008 తర్వాత కంపెనీలు ఇంధనం ఆదా కోసం ఓడల్ని నెమ్మదిగా నడపసాగాయి. వేగం పది శాతం తగ్గిస్తే కావాల్సిన శక్తి దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది మరి. ఆ కొత్త వేగానికి పాత ముక్కు లాభం లేకపోగా నష్టం. చాలా ఓడలకు ముక్కు కోసేసి కొత్తది అతికించారు.

ఇప్పుడు ఇంటి సంగతి. ఓడ మీద ఉద్యోగం కాంట్రాక్టు లెక్కన ఉంటుంది. ర్యాంకును బట్టి, కంపెనీని బట్టి నాలుగు నుంచి తొమ్మిది నెలలు, తర్వాత సెలవు. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, ఒక్కోసారి చావులు కూడా తప్పిపోతాయి. దీన్ని తేనె పూసి చెప్పను. రోజుకి కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలని అంతర్జాతీయ నియమం ఉంది. రేవుల్లో హడావుడి ఉన్నప్పుడు రిజిస్టరులో ఉన్న విశ్రాంతి, ఒంటికి దక్కిన విశ్రాంతి ఒకటి కాకపోవచ్చు. మెట్లు మాత్రం స్పష్టంగా ఉంటాయి: ట్రైనీ, ఫోర్త్, థర్డ్, సెకండ్, ఆపైన చీఫ్ ఇంజనీర్. ప్రతి మెట్టుకీ కొన్ని నెలల సముద్ర సేవ, ప్రభుత్వ పరీక్ష. రాతపరీక్ష కంటే మౌఖిక పరీక్షకే ఎక్కువ భయపడతారు, అందులో బట్టీ పట్టింది ఇట్టే దొరికిపోతుంది. చూపు, రంగుల గుర్తింపు, వినికిడికి వైద్య పరీక్షలుంటాయి. కోర్సుకు ఫీజు కట్టకముందే చేయించుకోండి. డిజైనర్లకు ఈ బాధ లేదు, సాయంత్రం ఇంటికి పోవచ్చు. కానీ షిప్‌యార్డులకు ఆర్డర్లు ఒక ఏడు వెల్లువలా వస్తాయి, ఇంకో ఏడు ఎండిపోతాయి. ఆ ఒడుదొడుకు ముందు పడేది డిజైన్ ఆఫీసు మీదే.

ఈ రెండు దారుల మధ్య దూరం రాబోయే రోజుల్లో బాగా తగ్గుతుంది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2023లో పెట్టుకున్న లక్ష్యం ప్రకారం 2050 ప్రాంతానికి ఓడల ఉద్గారాలు నికరంగా సున్నాకి రావాలి. ఇంధనంగా మెథనాల్ వాడితే అంతే దూరానికి ట్యాంకు రెట్టింపు కంటే పెద్దది కావాలి, ఆ చోటు సరుకు నుంచి కోయాలి. ఎల్‌ఎన్‌జీని, అంటే ద్రవంగా మార్చిన సహజ వాయువును, మైనస్ 162 డిగ్రీల్లో మోయాలి. అమ్మోనియాలో కార్బన్ లేదు, కానీ పీలిస్తే ప్రాణం పోతుంది. అమ్మోనియా పైపు ఎక్కడ నుంచి వెళ్ళాలి, లీకైతే మనిషి ఏ వైపు పరుగెత్తాలి అన్న ప్రశ్నకి జవాబు డిజైనరు ఒక్కడూ ఇవ్వలేడు. ఇంజన్ రూములో ముసుగు వేసుకుని పనిచేసినవాడు ఆ టేబుల్ దగ్గర కూర్చోవాలి. చీఫ్ ఇంజనీర్లుగా చేసి ఒడ్డుకొచ్చినవాళ్ళను డిజైన్ ఆఫీసులు, ఓడలకు ధ్రువీకరణ ఇచ్చే క్లాస్ సొసైటీలు పిలిచి తీసుకునేది అందుకే.

డిజైన్ చదవబోయేవాళ్ళకి ఒక పని చెబుతాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే సీ ట్రయల్‌కి పంపమని అడగండి. కొత్త ఓడను యార్డు అప్పగించే ముందు సముద్రంలో తిప్పి చూస్తారు. పూర్తి వేగంతో పోతూ ఒక్కసారిగా ఇంజనును వెనక్కి తిప్పి ఆపుతారు. మామూలు ఓడ తన పొడవుకి పదిహేను రెట్లకు మించి దూరం పోకుండా ఆగాలి. ఆ సమయంలో పైన బ్రిడ్జి మీద నిలబడితే దూరం మాత్రమే కనిపిస్తుంది. కింద కంట్రోల్ రూములో నిలబడండి. ఇంజను ఆగి, ఎదురు తిరగడానికి ఎంత గింజుకుంటుందో, మీరు చోటు చాలదని పక్కకి జరిపిన ప్యానెల్ దగ్గరికి ఇంజనీరు ఎన్ని అడుగులు పరుగెత్తుతున్నాడో చూడండి. మెరైన్ ఇంజనీర్లయ్యేవాళ్ళు ఓడ ఎక్కిన వారంలో దాని స్టెబిలిటీ బుక్‌లెట్, అంటే ఓడ నిలకడ లెక్కల పుస్తకం, అడిగి తీసుకుని చదవండి. అది డెక్కు ఆఫీసర్ల పుస్తకం కదా అంటారు, పట్టించుకోకండి. ఏ ట్యాంకు సగం ఖాళీ చేయకూడదో అందులో ఉంటుంది. ఆ ట్యాంకు పంపు నొక్కేది మీరే.

సిలబస్ గురించి, వైద్య పరీక్షల గురించి, ఇంకేమైనా సరే, ఇక మీరు అడగండి.