పాత గోడకి సిమెంట్ పూస్తే పెచ్చులెందుకు ఊడతాయి?

[దృశ్యం: పాతబస్తీ సందులో ఓ దేవిడీ (పాతకాలపు పెద్ద భవంతి) గోడ. అడుగున మూడడుగుల మేర బూడిదరంగు పూత, ఆ పైన పాత గచ్చు.]

ఈ గోడ చూడండి. పైనున్నది తాతల నాటి గచ్చు, అంటే సున్నపు పూత; కిందున్నది ఈమధ్య పూసిన సిమెంట్. ఊడిపోతున్నది కొత్తదే! వేలితో తట్టితే పైన గట్టిగా పలుకుతుంది, కింద డొల్లగా మోగుతుంది. పెచ్చు లాగితే వెనక గోడంతా తడి, తెల్లటి ఉప్పుపొడి.

పాపం, మేస్త్రీని తిట్టకండి. ఎంత పనిమంతుడు పూసినా ఇంతే. కారణం తెలియాలంటే ఆ గచ్చుకి వాడిన డంగుసున్నం, అంటే గానుగలో నూరిన సున్నం-ఇసుక ముద్ద, సంగతి తెలియాలి.

[దృశ్యం: చార్మినార్ మినార్ మీది నగిషీ, దగ్గరగా.]

చార్మినార్ కట్టింది 1591లో. పోర్ట్‌లాండ్ సిమెంట్‌కి ఇంగ్లండ్‌లో పేటెంట్ ఇచ్చింది 1824లో. అంటే ఇక్కడ రాయిని రాయితో పట్టి ఉంచిందీ, పైన పూలూ లతలూ అయిందీ సున్నమే.

సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలుస్తారు. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది. తక్కిన 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలిసిపోతుంది. ఈ 44 గుర్తుపెట్టుకోండి.

[దృశ్యం: తొట్టిలో కుతకుతలాడుతున్న సున్నం.]

పొడిసున్నాన్ని నీళ్లలో కొంచెంకొంచెంగా వేయాలి. సున్నం మీద నీళ్లు గుమ్మరిస్తే ఒక్కసారిగా చిమ్ముతుంది, కళ్లు పోతాయి. కళ్లద్దాలు, చేతితొడుగులు లేకుండా దగ్గరికి వెళ్లొద్దు. తర్వాత జల్లెడ పట్టి, గుంతలో నీళ్ల కింద కనీసం రెండుమూడు వారాలు మాగనివ్వాలి. తొందరపడితే, నీళ్లు పూర్తిగా పీల్చుకోకుండా మిగిలిన సున్నపు గింజలు గోడెక్కాక ఉబ్బి పూతలో గుంటలు పడేలా పేలుతాయి.

మాగిన ముద్ద ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు, గానుగలో రాతిచక్రం కింద నలగాలి. అప్పుడే కరక్కాయా బెల్లమూ నానబెట్టిన నీళ్లు కలుపుతారు. బెల్లంలోని చక్కెర వల్ల సున్నం నీళ్లలో ఎక్కువగా కరుగుతుంది, ముద్ద తాపీ కింద వెన్నలా సాగుతుంది. ఇదే బెల్లం సిమెంట్‌లో కలిపారో, అది గట్టిపడనే పడదు!

ఒక్కో పూత 10–12 మిల్లీమీటర్లు దాటొద్దు. పైన తడి గోనెపట్టాలు కట్టాలి. ఎందుకంటే సున్నం గట్టిపడేది ఎండిపోయి కాదు. బట్టీలో పోగొట్టుకున్న ఆ 44 కిలోల వాయువునీ గాల్లోంచి మెల్లగా తీసుకుంటూ మళ్లీ రాయి అవుతుంది. తేమ లేకపోతే ఆ పని ఆగిపోతుంది, గీరితే పొడి రాలుతుంది.

[దృశ్యం: మళ్లీ దేవిడీ గోడ.]

ఇప్పుడు మన గోడ. పాత కట్టడాల పునాదిలో తేమను ఆపే పొర ఉండదు, నేలలోని నీరు గోడలోకి పాకుతుంది. గచ్చుకి సన్నటి రంధ్రాలుంటాయి, ఆ తడి వాటిలోంచి ఆరిపోతుంది. సిమెంట్ ఆ దారి మూసేస్తుంది. నీటితో వచ్చిన ఉప్పు పూత వెనకే గడ్డకట్టి దాన్ని బయటికి తోస్తుంది. పైగా వేసవి వేడికి మెత్తటి గోడ కాస్త కదిలితే, బిరుసు సిమెంట్ బీటలిస్తుంది. వానాకాలం ఆ బీటలోంచి లోపలికి దిగిన నీరు మళ్లీ బయటికి రాలేదు. తడి మూడడుగుల నుంచి ఐదడుగులకు ఎక్కుతుంది. జనం సిమెంట్ కూడా ఐదడుగుల దాకా పూస్తారు. రోగాన్నే మందుగా వేయడం ఇది.

కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పునరుద్ధరణలో, గతంలో పూసిన సిమెంట్‌ని తీసేసి మళ్లీ సున్నమే పూశారు. ఇంటి గోడకైనా అంతే. సిమెంట్‌ని చిన్న ఉలితో చెక్కాలి, గోడలు పగలగొట్టే బ్రేకర్ మెషిన్ పెడితే రాయి కదులుతుంది. ఉప్పుని పొడి బ్రష్‌తో దులపాలి. కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఒక ఎండాకాలం గోడను ఖాళీగా ఆరనిచ్చి, ఆ తర్వాతే గచ్చు వేయాలి.

దానిపైన వెల్ల వేయండి. నిగనిగలాడే ప్లాస్టిక్ పెయింట్ వేశారో, మూసింది మళ్లీ ఆ దారినే.