హాస్టల్ వైఫై: వేగం కన్నా వంతు ముఖ్యం

అందరికీ నమస్కారం. వార్డెన్లు, ఎలక్ట్రికల్ విభాగం వాళ్లు, విద్యార్థులు ఒకేచోట కూర్చుని వైఫై గురించి మాట్లాడుకోవాలని పట్టుబట్టింది నేనే. ఇది కంప్యూటర్ సెంటర్ ఒక్కటే చేయగలిగే పని కాదు.

హాస్టళ్ల నుంచి వచ్చే ఫిర్యాదు ఎప్పుడూ ఒక్కటే: "సిగ్నల్ ఫుల్‌గా ఉంది సార్, ఏదీ ఓపెన్ అవ్వదు." రాత్రి తొమ్మిదికి మొదలవుతుంది. మధ్యాహ్నం వెళ్లి చూస్తే అంతా బాగానే ఉంటుంది. బయటి నుంచి వచ్చే లైను చాలడం లేదనుకుని దాన్ని పెంచాం. రాత్రి తొమ్మిదికి మళ్లీ అదే గోల. ఇరుకు లైన్లో లేదు, గాలిలో ఉంది.

ఒక ఛానెల్ మీద, అంటే గాలిలోని ఒక రేడియో దారి మీద, ఒకసారి ఒక్కరే మాట్లాడాలి. ఈ చిక్కు వైఫై కన్నా పాతది, పుట్టింది కూడా విశ్వవిద్యాలయంలోనే. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ ఏబ్రామ్‌సన్ బృందం దీవులను రేడియోతో కలుపుతూ అలోహానెట్ నడిపింది. ఎవరికి అవసరమైతే వాళ్లు పంపుతారు. రెండు ఢీకొంటే కాసేపు ఆగి మళ్లీ పంపుతారు. "ముందు విను, ఖాళీగా ఉంటేనే పంపు" అన్నది వైఫై దానికి చేర్చుకున్న మర్యాద. పదిమందికి అది చాలు. రెండొందల ఫోన్లున్న అంతస్తులో మాత్రం వినడానికీ ఆగడానికే సమయం సరిపోతుంది.

వైఫై కొత్త తరాల్లో ఒకటైన వైఫై 6 మార్చింది సరిగ్గా ఇక్కడే. కాలువ కింద వ్యవసాయం చేసిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఇప్పటిదాకా ఎవరి వంతు వస్తే కాలువ నీళ్లన్నీ వాళ్ల మడికే, అది వరిమడైనా నారుమడైనా. ఇప్పుడు యాక్సెస్ పాయింటే, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టే, నీళ్లు పంచే నీరటి అవుతుంది. 20 మెగాహెర్ట్జ్ ఛానెల్‌ను తొమ్మిది బోదెల దాకా చీల్చి, చిన్న చిన్న అవసరాలున్న తొమ్మిది ఫోన్లకు ఒకేసారి పారించగలదు. ఫోన్లు తిరిగి పంపేటప్పుడు కూడా ఎవరు ఎప్పుడు పంపాలో అదే చెబుతుంది. వాట్సాప్ సందేశాల్లాంటి చిన్న ముక్కలే ఎక్కువగా తిరిగే హాస్టల్‌కు ఇంతకన్నా మేలు లేదు. పెట్టె మీద రాసిన గిగాబిట్ల అంకెల కన్నా నాకు ఇదే ముఖ్యం.

అయితే ఎంత మంచి నీరటైనా గట్టు తప్పుడు చోట వేస్తే ఏం చేస్తాడు? మన యాక్సెస్ పాయింట్లన్నీ కారిడార్లలో ఉన్నాయి. గోడ వెనక విద్యార్థికి వాటి మాట సరిగా వినపడదు, కారిడార్ చివరనున్న మరో యాక్సెస్ పాయింట్‌కు మాత్రం చక్కగా వినపడుతుంది, ఒకే ఛానెల్‌లో ఉంటే అదీ ఆగాల్సిందే. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో పట్టీలో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు మూడే: 1, 6, 11. అందుకే గదుల్లోకి వెళ్దాం, 5 గిగాహెర్ట్జ్ పట్టీ మీద ఆధారపడదాం. 2018లో మన దేశం అక్కడ 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. మనం అందులో సగం కూడా వాడటం లేదు.

ఎలక్ట్రికల్ మిత్రులకు ఒక మాట. లైబ్రరీలో నేను చేసిన తప్పు మళ్లీ జరగకూడదు. కొత్త యాక్సెస్ పాయింట్లు ముందు కొని, వాటికి కేబుల్‌లోనే డేటా, కరెంటు రెండూ పంపే నెట్‌వర్క్ స్విచ్చుల సంగతి తర్వాత చూశాను. పాత స్విచ్ ఒక్కో పోర్టుకు 15.4 వాట్లే ఇస్తుంది. ఆ కరెంటు చాలక అవి కొన్ని రేడియోలు తగ్గించుకుని నడిచాయి. నెలల తరబడి విద్యార్థులకు ఆ మార్పే తెలియలేదు. ఈసారి ముందు 30 వాట్ల స్విచ్చులు, వాటికి సరిపడా యూపీఎస్, ఆ తర్వాతే మిగతావి. గోడలు మాత్రం తవ్వక్కర్లేదు. 2016లో వచ్చిన ఈథర్నెట్ ప్రమాణంతో మన పాత క్యాట్ 5ఈ కేబులే వంద మీటర్ల దాకా సెకనుకు 2.5 గిగాబిట్లు మోస్తుంది. ఎలుకలు కొరికినవీ మధ్యలో అతుకులు వేసినవీ మారిస్తే చాలు.

పాత ఫోన్లున్న పిల్లల సంగతేమిటని కొందరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. నిదానంగా మాట్లాడే పాత ఫోను గాలిని ఎక్కువసేపు పట్టుకుంటుంది, నిజమే. అలాగని ఆ పిల్లల్ని బయట నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. ప్రతి మూడు యాక్సెస్ పాయింట్లలో ఒకదాంట్లో 2.4 ఉంచుతాం. వాళ్ల ఫోన్లు అక్కడ పనిచేస్తాయి.

వచ్చే వారం రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా అంతస్తు అంతస్తూ కొలుస్తాం. పగలు కొలిస్తే ఏమీ తెలియదు. వార్డెన్లు దయచేసి గదులు తెరిపించండి. పిల్లలూ, ఆ రెండు గంటలూ మీరు రోజూ చూసేవే చూడండి. ఫోన్లు పక్కన పెట్టేయకండి.