కచేరీకీ రికార్డుకూ మధ్య

సభకు నమస్కారం.

మీకిష్టమైన బ్యాండు గురించి మాట్లాడండి అని మిత్రులు అడిగినప్పుడు, అమెరికా రాక్ బ్యాండు ఈగల్స్ అని వెంటనే చెప్పేశాను. ఆ తరువాత ఆలోచనలో పడ్డాను. వాళ్ల పాటల గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? మన ఇంజినీరింగ్ కళాశాలల హాస్టళ్లలో గిటారు పట్టిన కుర్రవాళ్లలో ‘హోటల్ కాలిఫోర్నియా’ కోసం వేళ్లు నొప్పి పుట్టేలా సాధన చేయనివాళ్లు అరుదు. అందుకని ఈ సాయంత్రం పాటలకు మధ్యనున్న ఖాళీ గురించి మాట్లాడతాను. ఒక పర్యటన ముగిసింది, తరువాతి ఆల్బమ్ ఇంకా రాలేదు. అభిమానులు ఎదురుచూస్తూ ఉంటారు. మరి ఆ రోజుల్లో బ్యాండు ఏం చేస్తూ ఉంటుంది? నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న కుతూహలం ఇది.

ఈ బ్యాండు పుట్టిందే ఇంకొకరి పర్యటనలో. 1971లో లిండా రాన్‌స్టాట్ అనే గాయనికి పక్కవాద్యం వాయించడానికి కుదిరిన గ్లెన్ ఫ్రై, డాన్ హెన్లీ, బర్నీ లెడన్, రాండీ మైస్నర్ ఆమె ఆశీస్సులతోనే వేరు కాపురం పెట్టారు. ఫ్రైది కార్ల కర్మాగారాల డెట్రాయిట్. హెన్లీది టెక్సస్‌లో లిండెన్ అనే చిన్న ఊరు. మైస్నర్ నెబ్రాస్కాలో వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. లెడన్ బాంజో, మాండలిన్, పెడల్ స్టీల్ వంటి తీగవాద్యాలన్నీ వాయిస్తారు. మాండలిన్ అంటే మనకు పాలకొల్లు శ్రీనివాస్ గారే గుర్తొస్తారు. లెడన్ చేతిలో అదే వాయిద్యం అమెరికా పల్లెల యాసలో పలుకుతుంది. ఆ పల్లె బాణీకి రాక్ డ్రమ్ముల దరువు తోడైతే అదే కంట్రీ రాక్.

దానికి తోడు గొంతులు. మన బృందగానంలో ఇరవై మంది కలిసి పాడినా స్వరం ఒకటే. వీళ్ల పద్ధతిలో ఒక్కొక్క గొంతు ఒక్కొక్క స్వరాన్ని పట్టుకుని ఉంటుంది. ఒక్కరు జారితే మొత్తం జారుతుంది. రోజూ కలిసి తిరుగుతూ, కలిసి తింటూ, కలిసి పాడేవాళ్లకు అది ఊపిరి తీసుకున్నంత సులువుగా వస్తుంది. తిరగడం ఆగిన రోజున ఏమవుతుందన్నదే నా ప్రశ్న.

1975 డిసెంబరులో లెడన్ బ్యాండు వదిలి వెళ్లిపోయారు. బ్యాండు రాక్ వైపు మొగ్గుతున్నకొద్దీ ఆయన మాండలిన్‌కు చోటు తగ్గుతూ వచ్చింది. ఆయన స్థానంలోకి జో వాల్ష్ వచ్చారు. గట్టి రాక్ గిటారు ఆయనది. లెడన్ వెళ్లిన రోజే ఈ బ్యాండు ఇంటి పెరటి తలుపు మూసుకుపోయిందని నా అభిప్రాయం. తరువాతి సంగీతం గొప్పది కాదని నేను అనడం లేదు. ఆ తలుపులోంచి వచ్చే గాలి మాత్రం మళ్లీ రాలేదు.

కొత్త ఆల్బమ్ సిద్ధం కాలేదు. రికార్డు కంపెనీ ఆగలేదు. 1976 ఫిబ్రవరిలో పాత పాటలన్నీ ఏరి ఒక సంకలనం విడుదల చేసింది. ఖాళీ పూడ్చడానికి వేసిన ఆ రికార్డే, 2018 లెక్క ప్రకారం ఒక్క అమెరికాలోనే 3 కోట్ల 80 లక్షల ప్రతుల ధ్రువీకరణ పొంది, అక్కడ అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌గా నిలిచింది. బ్యాండు కూర్చుని తయారు చేసిన ఏ రికార్డుకూ ఆ సంఖ్య దక్కలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ‘హోటల్ కాలిఫోర్నియా’ ఆల్బమ్ పని నడుస్తోంది. 1976 మార్చి నుంచి అక్టోబరు దాకా, పర్యటనల మధ్య దొరికిన రోజుల్లో, మయామీలోనూ లాస్ ఏంజెలెస్‌లోనూ రికార్డింగు సాగింది. మయామీలోని క్రైటీరియా స్టూడియోలో పక్క గదిలో బ్లాక్ సబ్బాత్ బ్యాండు తమ ఆల్బమ్ చేసుకుంటోంది. ఆ హోరు గోడ దాటి వచ్చేస్తుంటే వీళ్లు పని ఆపుకుని కూర్చోవలసి వచ్చేది.

1974లో బ్యాండులో చేరిన డాన్ ఫెల్డర్ ఒక సంఘటన చెప్పారు. మాలిబూలో సముద్రం ఒడ్డున అద్దె ఇంట్లో కూర్చుని ‘హోటల్ కాలిఫోర్నియా’ పాటకు మూలమైన తీగల వరసను ఆయన ఎప్పుడో టేపు మీద పెట్టుకున్నారు. చాలా నెలల తరువాత మయామీలో చివరి గిటారు భాగం వాయించడానికి ఆయనా వాల్ష్ సిద్ధమై, అప్పటికప్పుడు తోచింది వాయించడం మొదలుపెట్టారు. హెన్లీ ఆపేశారు. ఆ టేపులో ఉన్నట్టే కావాలన్నారు. ఫెల్డర్‌కు తాను ఏం వాయించారో గుర్తులేదు. క్యాసెట్టు చూస్తే వేల మైళ్ల దూరాన కాలిఫోర్నియాలో ఇంట్లో ఉంది. చివరకు ఇంట్లో పనిచేసే ఆమెకు ఫోను చేసి, ఆ క్యాసెట్టు వెతికించి, ఫోను దగ్గర పెట్టి వినిపించమన్నారు. ఇటు మయామీలో దాన్ని రికార్డు చేసుకుని, తన సంగీతాన్ని తానే మళ్లీ నేర్చుకున్నారు.

ఇక్కడ నా వృత్తి సంగతి ఒకటి చెప్పనివ్వండి. నేను రేడియోలో టేపులు కోసి అతికించే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. ఈ బల్ల మీద పెట్టింది పావు అంగుళం టేపు. ముందు వరుసలో ఉన్నవారికి కనిపిస్తూ ఉంటుంది. మా యంత్రం మీద ఇది సెకనుకు ఏడున్నర అంగుళాలు నడిచేది. వక్త దగ్గు తీసేయాలంటే టేపును చేత్తో ముందుకూ వెనక్కూ కదిలిస్తూ, ఆ దగ్గు ఎక్కడ మొదలవుతుందో చెవితో పట్టుకుని, పసుపు పెన్సిలుతో గుర్తు పెట్టి, ఈ గాడిలో పరిచి, బ్లేడుతో ఏటవాలుగా కోయాలి. ఏటవాలుగా ఎందుకంటే, నిలువుగా కోస్తే అతుకు దగ్గర టక్కుమని వినిపిస్తుంది. రెండో ముక్క తెచ్చి ఆనించి, వెనకవైపు తెల్ల పట్టీ అంటించి గోటితో రుద్దాలి. చేయి వణికితే ఒక అక్షరం పోతుంది. తెగిన అక్షరం మళ్లీ రాదు.

వాళ్లది రెండు అంగుళాల టేపు. దీనికి ఎనిమిది రెట్లు వెడల్పు. డ్రమ్ములు, గిటార్లు, గొంతులు అన్నీ పక్కపక్కనే దారులుగా దాని మీదే ఉంటాయి. ఒక్క కోత పెడితే అన్నీ తెగుతాయి. ఆ ఆల్బమ్ నిర్మాత బిల్ షిమ్‌చిక్, ఒకే పాటను పలుమార్లు వాయించిన టేపుల్లోంచి మంచి ముక్కలు ఏరి, 33 అతుకులతో ‘హోటల్ కాలిఫోర్నియా’ పాటను కూర్చానని చెప్పారు. ఇన్నేళ్లు ఇదే పని చేసిన చెవులతో నేను వెతికాను. ఒక్క అతుకు కూడా దొరకలేదు. ఏడాదంతా కలిసి తిరిగినవాళ్ల చేతుల్లో లయ ఎంత ఒకటైపోయిందంటే, ఒక రోజు వాయించిన ముక్క పక్కన ఇంకో రోజు వాయించిన ముక్క పెట్టినా కలిసిపోయింది. పర్యటన ఆ టేపులోకి ఎలా వచ్చిందో చూపించమంటే నేను ఈ 33 కోతలనే చూపిస్తాను.

1976 డిసెంబరు 8న ఆల్బమ్ వచ్చింది. మళ్లీ దారి పట్టారు. 1977 వేసవిలో టెనెసీలోని నాక్స్‌విల్‌లో, కచేరీల అలసట, అనారోగ్యం మధ్య ఉన్న మైస్నర్ తన పాటను ఆ రాత్రి పాడలేనన్నారు. దాని చివర అందుకోవలసిన పై స్థాయి స్వరం ఆయనకు ప్రతి రాత్రీ పరీక్షే. తెర వెనక ఫ్రైతో గొడవ చేయి చేసుకునే దాకా వెళ్లింది. సెప్టెంబరులో మైస్నర్ తప్పుకున్నారు. పోకో అనే బ్యాండులో ఒకప్పుడు మైస్నర్ ఖాళీ చేసిన స్థానంలోకి వచ్చిన తిమోతీ షిమిట్, ఇక్కడా ఆయన స్థానంలోకే వచ్చారు.

అప్పుడు మొదలైంది అసలు ఖాళీ. 1978లో స్టూడియోలోకి వెళ్లినవాళ్లు 1979 సెప్టెంబరు దాకా ఆల్బమ్ ఇవ్వలేకపోయారు. డబ్బుకు లోటు లేదు. తొందరపెట్టగలిగే అధికారం ఎవరికీ లేదు. గెలిచిన ఆల్బమ్ ఒకటి గోడ మీద వేలాడుతూ ఉంది. ప్రతి మాటనూ ప్రతి స్వరాన్నీ దానితో పోల్చి చూసుకోవడమే పనయింది. కచేరీలో గంట కొట్టగానే పాడాలి, బాగున్నా బాగులేకపోయినా పాట ముగుస్తుంది. స్టూడియోలో ఇక చాలు అని చెప్పేవారు లేకపోతే పాట ముగియదు. రెండు రికార్డుల ఆల్బమ్ అనుకున్నది చివరకు పది పాటల ఒక్క రికార్డయింది. పేరు ‘ది లాంగ్ రన్’.

ఆ రోజుల్లో బయటికి వచ్చినవి చిన్న చిన్న విషయాలే. 1978 మేలో ‘రోలింగ్ స్టోన్’ పత్రికవాళ్లతో సాఫ్ట్‌బాల్ ఆట ఆడి 15-8తో గెలిచారు. ఆ ఏడాది క్రిస్మస్‌కు ఒక పాత పండుగ పాటను పాడి విడుదల చేశారు. నాకు ఆ దశలో అన్నిటికంటే ఇష్టమైనది షిమిట్ పాట. కొత్తగా వచ్చిన ఆయన ఒక అసంపూర్తి పాట తెస్తే, ఫ్రై, హెన్లీ పక్కన కూర్చుని పూర్తి చేశారు. ఆ మెత్తని గొంతు విన్నప్పుడల్లా, అంత ఒత్తిడిలోనూ ఆ ముగ్గురూ ఒక్క బల్ల దగ్గర కూర్చున్న పూట ఉందని సంతోషం వేస్తుంది.

తరువాతిది త్వరగా చెప్పేస్తాను. 1980 జూలై 31న లాంగ్ బీచ్ కచేరీలో ఫ్రై, ఫెల్డర్ పాటల మధ్యలోనే ఒకరినొకరు బెదిరించుకున్నారు. బ్యాండు ఆగిపోయింది. కంపెనీకి ఇవ్వవలసిన కచేరీ రికార్డు మిగిలి ఉంది. ఫ్రై లాస్ ఏంజెలెస్‌లో, హెన్లీ మయామీలో ఉండి, టేపులు కొరియర్‌లో అటూ ఇటూ పంపుకుంటూ గొంతులు సరిచేశారు. మళ్లీ అందరూ ఒక వేదిక ఎక్కడానికి 1994 దాకా పట్టింది.

ఆ కచేరీ రికార్డులోంచే ఒక పాట మీకు వినిపించబోతున్నాను. ‘సెవెన్ బ్రిడ్జెస్ రోడ్’. రాసింది స్టీవ్ యంగ్. తొలి రోజుల్లో కచేరీకి ముందు వీళ్లంతా స్నానాల గదిలో నిలబడి, గోడల ప్రతిధ్వనిలో ఈ పాట పాడి గొంతులు సవరించుకునేవారట. అక్కడి నుంచే అది వేదిక మీదకు వచ్చింది. మీరు వినబోయేది 1980 జూలై చివరి వారంలో శాంటా మోనికాలో పాడినది. లాంగ్ బీచ్ గొడవకు ఇంకా కొద్ది రోజులే ఉంది. మొదట్లో ఐదు గొంతులే వినిపిస్తాయి. వాటిలో అన్నిటికంటే పైన ఉన్న గొంతును పట్టుకోండి. తరువాత కింది గొంతుకు రండి.

దీపాలు కాస్త తగ్గించండి, బాబూ. టేపు వేస్తున్నాను.