రోబోతో పాటు వార్డు కూడా చూసి రండి డాక్టర్ గారూ

నమస్కారం అండీ. శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు విషయం, ఫెలోషిప్ మీద విదేశాలకి వెళ్లి అక్కడి ఆసుపత్రులు చూసొచ్చే మన సర్జన్లు.

ముందు ఇదేమిటో రెండు ముక్కల్లో చెప్తాను. అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ అనే సంస్థ ఇంటర్నేషనల్ గెస్ట్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. బయటి దేశాల యువ సర్జన్లని తమ వార్షిక మహాసభకి పిలుస్తారు, ఆ తర్వాత అక్కడి ఆసుపత్రులు చూసే వీలు కల్పిస్తారు. ఎముకల డాక్టర్లకైతే 1948 నుంచే అమెరికా, బ్రిటన్, కెనడా మధ్య ఇలాంటి ట్రావెలింగ్ ఫెలోషిప్ ఉంది. ఈ మాట ఎత్తగానే మన దగ్గర చాలామంది అనేది ఒకటే. "అక్కడ కత్తి పట్టుకోనివ్వరట కదా, నిలబడి చూడ్డానికి అంత దూరం వెళ్లాలా?"

నిజమే, పట్టుకోనివ్వరు. ఆ దేశపు లైసెన్సు లేకుండా రోగి మీద చెయ్యి వెయ్యడానికి చాలాచోట్ల ఒప్పుకోరు. కానీ నాకు అదే మేలనిపిస్తుంది. ఆపరేషన్ చేసేటప్పుడు సర్జన్ కళ్లు గాయం మీద నుంచి కదలవు. చేతిలో పని లేనప్పుడే చుట్టూ చూస్తాడు. రోగిని లోపలికి తెచ్చే ముందు నర్సు ఏం అడిగింది, మత్తు డాక్టరు రోగితో ఎంతసేపు మాట్లాడాడు, సాయంత్రానికి ఆ రోగి మంచం మీదే ఉన్నాడా, లేచి కూర్చున్నాడా... మన జిల్లాకి పనికొచ్చే సరుకంతా అక్కడే ఉంది. ఆపరేషన్లలో సాయపడే కోట్ల రూపాయల రోబోని చూసొస్తే చూశామన్న తృప్తి మిగులుతుంది. వార్డు చూసొస్తే వచ్చిన మర్నాడే పని మొదలుపెట్టొచ్చు.

పాత కాలం నుంచీ ఇదే జరిగింది. విలియం హాల్‌స్టెడ్ అనే అమెరికన్ సర్జన్ 1878లో యూరప్ వెళ్లి రెండేళ్లు తిరిగాడు. వియన్నాలో బిల్‌రోత్ లాంటి పేరుమోసిన సర్జన్ల పని చూశాడు. ఆపరేషన్లు ఎలాగూ నేర్చుకున్నాడు. వాటికంటే పెద్ద విషయం, అక్కడ కుర్ర డాక్టర్లని తయారుచేసే తీరుని పట్టుకొచ్చి బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో తన పద్ధతిలో అమలుచేశాడు. ఇవాళ విశాఖ కేజీహెచ్‌లో పీజీ చేసే పిల్లలు రాత్రీపగలూ వార్డులో ఉండి, సీనియర్ పక్కన నిలబడి, మెట్టు మెట్టుగా బాధ్యత తీసుకుంటున్నారంటే ఆ తీరుకి మూలాల్లో ఒకటి ఆ ప్రయాణమే.

ఇప్పుడు డెన్మార్క్ సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ప్రతి ఇంటికీ సంబంధించింది. 1990లలో హెన్రిక్ కెలెట్ అనే సర్జన్ ఒక మామూలు ప్రశ్న వేసుకున్నాడు. ఆపరేషన్ బాగా జరిగినా ఈ రోగి ఇంకా ఆసుపత్రిలో ఎందుకున్నాడు? నొప్పి వల్లా, వాంతుల వల్లా, తిండి పెట్టకపోవడం వల్లా, లేవనివ్వకపోవడం వల్లా? ఒక్కోటీ విడదీసి సరిచేస్తూ పోయాడు. పెద్ద పేగు ఆపరేషన్ అయితే వారం, పది రోజులు ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులవి. ఆయన రోగుల్లో చాలామంది రెండు మూడు రోజులకే ఇంటికెళ్లారు. ఆ దారిలోనే తర్వాత ప్రపంచమంతా పాటించే నియమాలు వచ్చాయి. తేలికపాటి తిండి ఆపరేషన్‌కి 6 గంటల ముందు వరకు, మంచినీళ్ల లాంటి ద్రవాలు 2 గంటల ముందు వరకు తీసుకోవచ్చని ఇప్పుడు మత్తు డాక్టర్ల మార్గదర్శకాలు చెప్తున్నాయి. పేగు అడ్డుపడ్డవాళ్లకీ, ఎమర్జెన్సీ కేసులకీ, షుగర్ వల్ల కడుపు నెమ్మదించినవాళ్లకీ ఇది వర్తించదు. ఎవరికి ఎంత అన్నది మత్తు డాక్టరే చెప్పాలి.

మరి మన దగ్గర? "రాత్రి పదింటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టొద్దు" అంటారు. ఆపరేషన్ మధ్యాహ్నం రెండుకి పడుతుంది. మే నెల ఎండలో ఒక పెద్దావిడ పదహారు గంటలు గొంతు తడుపుకోకుండా కూర్చోవాలి. ఆ టెన్షన్‌కి తోడు దాహం. దీన్ని మార్చడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. ఎవరి ఆపరేషన్ ఎన్ని గంటలకో ముందు రోజే లిస్టు రాసి వార్డు నర్సుకి ఇస్తే, ఆవిడ ఒక్కొక్కరికీ వేళ చెప్తుంది.

తర్వాత ఇంటి వాళ్ల సంగతి. మన పల్లెల్లో ఆపరేషన్ అయిన మనిషికి పప్పు పెట్టరు. "పప్పెడితే చీము పడతాదమ్మా" అని అమ్మమ్మ గట్టిగా చెప్తుంది. వంకాయ వద్దంటారు, గుడ్డు వద్దంటారు. పచ్చడి కూడా లేని చారన్నంతో రోజులు గడిపేస్తారు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, అవేమో పప్పులోనూ గుడ్డులోనూ ఉన్నాయి. లేచి నడిస్తే కుట్లు ఊడిపోతాయని మంచం దిగనివ్వరు. దిగకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరే ప్రమాదం. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో చూసొచ్చిన పద్ధతి నెల్లిమర్లలోనో పాలకొండలోనో నిలబడాలంటే డాక్టరు ముందు ఆ అమ్మమ్మ పక్కన కూర్చోవాలి. ఆవిడకి ప్రేమ లేక కాదు, ఉండబట్టే పథ్యం పెడుతోంది. ఆవిడ ఒప్పుకుంటే ఆ మంచం పక్కన అంతకంటే మంచి నర్సు ఉండదు.

ఆపరేషన్‌లో పొరపాట్లు జరక్కుండా చూసుకునే చెక్‌లిస్టు సంగతి మీరు వినే ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఒక కాగితం, 19 అంశాలు. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగి థియేటర్ వదిలే ముందు గట్టిగా చదవాలి. ఢిల్లీతో సహా 8 నగరాల్లో 8 ఆసుపత్రుల్లో పెట్టి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు. కాగితం ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో ఉంది. అయితే టిక్కులు పెట్టేసి ఫైల్లో పెట్టడం వేరు, ఆ అర నిమిషం అందరూ చేతులాపి నిలబడటం వేరు. రెండోది కళ్లతో చూస్తేనే నమ్మకం కుదురుతుంది.

ఇక మన ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... కిడ్నీ జబ్బు లేని వీధి వెతకాలి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. డయాలసిస్ అనగానే అందరూ మెషిన్ల లెక్క అడుగుతారు. ఆ మెషిన్ దగ్గరికి రక్తం తీసుకెళ్లే దారి సర్జన్ వెయ్యాలి. మణికట్టు దగ్గర ధమనినీ సిరనీ కలిపి కుడతారు, దాన్నే ఫిస్టులా అంటారు. 1966లో న్యూయార్క్ డాక్టర్లు ప్రపంచానికి చూపించిన ఆపరేషన్ ఇది. కుట్టాక ఆ సిర సూది తట్టుకునేలా గట్టిపడటానికి వారాలు పడుతుంది. అంటే డయాలసిస్ అవసరం రాకముందే వెయ్యాలి. ఆలస్యమైతే మెడలో పైపు పెట్టాల్సొస్తుంది, పైపుతో ఇన్ఫెక్షన్ భయం.

జపాన్‌లో డయాలసిస్ రోగుల్లో సుమారు 90 శాతం మంది ఫిస్టులా మీదే నడుస్తున్నారు. మన సర్జన్ ఒకరు వెళ్లి చూడాల్సింది ఇదిగో, ఇది. కుట్టడం మనవాళ్లకీ వచ్చు. రోగిని ఏ దశలో సర్జన్ దగ్గరికి పంపుతున్నారు, ఫిస్టులా వెయ్యబోయే చేతిని ఎవరు కాపాడుతున్నారు, సూది గుచ్చే నర్సుకి ఎలా నేర్పుతున్నారు, అవి చూడాలి. మన దగ్గర కిడ్నీ దెబ్బతిన్న మనిషి జ్వరమొచ్చి ఎక్కడికెళ్లినా దొరికిన చేతికి సెలైన్ ఎక్కించేస్తారు. రేపు ఫిస్టులాకి కావాల్సిన సిర అలా పాడైపోతుంది. ఉద్దానంలో ఈ వీడియో చూస్తున్న కిడ్నీ రోగులు మీ డాక్టరుని ఇవాళే అడగండి, ఏ చెయ్యి దాచుకోవాలని. కుడిచేతి వాటం ఉన్నవాళ్లకి సాధారణంగా ఎడమ చెయ్యి దాచమంటారు. ఎవరు సూదితో వచ్చినా రెండో చెయ్యి చాపండి.

ఇంకొకటి. మనం వెళ్లడమే కాదు, వాళ్లూ మన దగ్గర నేర్చుకున్నారు. మహారాష్ట్రలోని దొండాయిచా అనే చిన్న ఊళ్లో డాక్టర్ రవీంద్రనాథ్ టోంగావ్‌కర్ హెర్నియా ఆపరేషన్‌లో లోపల పెట్టి కుట్టే కంపెనీ మెష్ (వల లాంటి గుడ్డ) బదులు స్టెరిలైజ్ చేసిన దోమతెర గుడ్డ వాడారు. కూలి పని చేసుకునేవాళ్లు ఆ కంపెనీ మెష్ ధర భరించలేరని. తర్వాత స్వీడన్, ఉగాండా డాక్టర్లు ఉగాండాలో పరీక్ష పెట్టి, ఖరీదైన మెష్‌తో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదని 2016లో ప్రచురించారు. ఇది చదివినప్పుడు నాకు చాలా గర్వంగా అనిపించింది. పల్లె సర్జన్ అంటే నేర్చుకోవాల్సినవాడు మాత్రమే కాదు.

అందుకే నా బాధ ఒక్కటే. ఇలాంటి అవకాశాల కబురు పెద్ద నగరాల పెద్ద ఆసుపత్రులకి అందినంత తేలిగ్గా టెక్కలికీ పార్వతీపురానికీ అందదు. అందినా, ఉన్న ఒక్క సర్జన్ నెల రోజులు వెళ్తే అర్ధరాత్రి అపెండిక్స్ కేసు ఎవరు చూడాలి? ఈ ప్రశ్నకి జవాబు ఆ డాక్టరు ఒక్కడి దగ్గర లేదు. 1923 నుంచి ఉన్న ఆంధ్ర మెడికల్ కాలేజీ విశాఖలో, మనకి ఇంత దగ్గర్లో ఉంది. అక్కడి నుంచి ఆ నెలకి ఒక సర్జన్‌ని పంపితే సరిపోతుంది. వచ్చినవాళ్లకీ జిల్లా ఆసుపత్రి పని తెలుస్తుంది. వీలైతే థియేటర్ నర్సుని కూడా ఆ ప్రయాణంలో కలపాలి, ఎందుకంటే నేను చెప్పిన వాటిలో సగం ఆవిడ చేతిలో పనులే.

జిల్లా ఆసుపత్రుల్లో పనిచేస్తున్న యువ సర్జన్లు ఎవరైనా వింటుంటే, దరఖాస్తు పెట్టండి సార్, పెట్టండి మేడమ్. అందులో పెద్ద పెద్ద టెక్నాలజీ పేర్లు రాయకండి. మీ వార్డులో ఎంతమంది రోగులు ఎన్ని గంటలు నీళ్లు లేకుండా ఎదురుచూస్తున్నారో, ఉద్దానం నుంచి మెడలో పైపుతో ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టి రాయండి. తిరిగొచ్చాక అదే లెక్క మళ్లీ తీయండి.